ఫిజియో అంటే కరెంటు పెట్టడమేనా?

నడుం పట్టేసినా, భుజం పైకి లేవకపోయినా, పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయినా మందులతో పాటు మనం చేరేది ఫిజియోథెరపీ గదికే. చాలాసార్లు అక్కడ ఎదురయ్యేది చదువు పూర్తయి ఏడాదో రెండేళ్లో అయిన యువ ఫిజియోథెరపిస్టు. ఆ అమ్మాయో అబ్బాయో ఎలా పనిచేస్తున్నారన్నది కేవలం వాళ్ల ఉద్యోగ సమస్య కాదు. మన కోలుకోవడం, ఒక్కోసారి మన ప్రాణం కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది. వాళ్లకు ఎదురవుతున్న ఇబ్బందులేంటి? వాళ్లు, మేము, మీరు మార్చుకోవాల్సిందేంటి?

కొన్నేళ్ల కిందటి మాట. సోమవారం ఓపీ. వరుస వరండా దాటి చెట్టు దాకా వెళ్లింది. యాభై ఆరేళ్ల తాపీ మేస్త్రీ ఒకాయన వచ్చి కూర్చున్నారు. ‘‘సార్, నెల నుంచి ఎడమ భుజం లాగేస్తోంది’’ అన్నారు. పదిహేనేళ్లుగా మధుమేహం. మధుమేహం ఉన్నవాళ్లలో భుజం కీలు బిగుసుకుపోవడం, మేము ఫ్రోజెన్ షోల్డర్ అంటామే, అది ఎక్కువే. పైగా ఆయనది రోజంతా చేతులతో చేసే పని. నా మనసులో జబ్బు పేరు అప్పుడే ఖాయమైపోయింది. చెయ్యి ఎత్తించి చూశానా అంటే, చూడలేదు. ఓపీ చీటీ మీద ‘ఎడమ భుజం - ఫిజియో - 10 రోజులు’ అని రాసి పంపేశాను.

అరగంట తర్వాత ఆ చీటీ పట్టుకొని ఓ అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. మా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరి అప్పటికి నాలుగు నెలలు. ‘‘సర్, ఒక్క నిమిషం. ఈ బాబాయ్ గారి భుజం అన్ని వైపులా పూర్తిగా తిరుగుతోంది. నేను ఎంత తిప్పినా నొప్పి లేదంటున్నారు. మన గది పై అంతస్తులో కదా, మెట్లెక్కి వచ్చేసరికి నొప్పి మొదలైందట. కూర్చుంటే తగ్గిపోయిందట. కాస్త చెమట కూడా పట్టింది. నేను కరెంటు పెట్టలేదు సర్. ఒకసారి ఈసీజీ తీస్తే...’’ అని ఆగిపోయింది.

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది చిరాకే. ‘రాసింది చెయ్యమ్మా’ అన్న మాట నోటి దాకా వచ్చింది. ఎందుకో ఆగాను. ఈసీజీలో తేడా కనిపించింది. వెంటనే గుండె జబ్బుల విభాగానికి పంపాం. రక్తనాళంలో పూడిక ఉందని తేలి, స్టెంట్ వేశారు. ఆయన ఇప్పటికీ మందుల కోసం మా ఓపీకి వస్తుంటారు. ఆ రోజు ఆ అమ్మాయి నేను రాసింది రాసినట్టు చేసి ఉంటే, భుజం మీద ప్యాడ్లు అంటించి, పదిహేను నిమిషాలు కరెంటు పెట్టి, ‘రేపు రండి’ అని పంపేసేది. ఆయన పది రోజులూ ఆ మెట్లెక్కి దిగేవారు.

ఆమె చేసింది పెద్ద పరీక్షేమీ కాదు. చికిత్స మొదలుపెట్టే ముందు రోగిని తాను స్వయంగా పరీక్షించింది. ఫిజియోథెరపీలో అసలు విద్య అదే.

చదువు నాలుగున్నరేళ్లు... చీటీలో ఒక్క మాట

ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీకి ఇంటర్ బైపీసీ తర్వాత నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అన్నది మన దగ్గర చాలాకాలం సాగిన పద్ధతి. శరీర నిర్మాణం, కండరాల కదలిక, ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు అన్నీ అందులో ఉంటాయి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపీని గుర్తించిన వృత్తుల్లో ఒకటిగా చేర్చింది.

ఇంత చదివి ఉద్యోగంలో చేరిన కుర్రవాళ్లకు మొదటి నెలలోనే ఎదురయ్యేది నేను రాసినలాంటి చీటీ. జబ్బేమిటో ఉండదు. ఎక్స్‌రేలో ఏముందో ఉండదు. గుండె ఎలా ఉందో, ఏ మందులు వాడుతున్నారో ఉండదు. ‘ఫిజియో’ అన్న ఒక్క మాటే ఉంటుంది. లేదా ఏ యంత్రం ఎన్ని నిమిషాలు పెట్టాలో ఉంటుంది.

మరోవైపు రోగి. ‘‘ఎక్సర్‌సైజులు ఇంట్లో చేసుకుంటాలే అమ్మా, ముందు కరెంటు పెట్టు’’ అంటారు. కరెంటు పెట్టకపోతే చికిత్సే జరగలేదనుకుంటారు. పక్క వీధిలో పెట్టే చోటుకు వెళ్లిపోతారు. కొన్ని క్లినిక్కుల్లో యంత్రాల లెక్కనే ఫీజు ఉంటుంది. అక్కడ కొత్తగా చేరినవాళ్లు రోగితో పావుగంట మాట్లాడితే ‘టైం వేస్టు చేస్తున్నావు’ అన్న మాట పడాలి. ఇలా మూడు వైపుల నుంచీ ఒత్తిడి వచ్చేసరికి, పరీక్షించడం నేర్చుకున్న చేతులు రెండేళ్లలో మీట నొక్కే చేతులుగా మారిపోతాయి. నష్టపోయేది రోగే.

యంత్రం కన్నా వ్యాయామమే ఎందుకు?

యంత్రాలన్నీ దండగని కాదు. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు కొందరికి కాస్త ఉపశమనం ఇవ్వొచ్చు. పక్షవాతంలో కండరాన్ని కదిలించే విద్యుత్ ప్రేరణలాంటివి కొన్ని సందర్భాల్లో పనికొస్తాయి. కానీ నడుంనొప్పి విషయంలో ఆధారాలు స్పష్టంగా ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నడుంనొప్పికి, సయాటికాకు అల్ట్రాసౌండ్, టెన్స్, ఐఎఫ్‌టీ చికిత్సలు ఇవ్వొద్దని చెప్పింది. దీర్ఘకాలిక నడుంనొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా నడుం బెల్టులు, ట్రాక్షన్ లాంటివి మామూలుగా వాడొద్దన్నాయి. వ్యాయామం, రోగికి తన జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పడం మంచివన్నాయి.

మోకాళ్ల అరుగుదలా అంతే. ‘గుజ్జు అరిగిపోయింది, ఇక కదలకూడదు’ అనుకొని కూర్చుంటే తొడ కండరాలు సన్నబడి మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. తొడ ముందు భాగం కండరాన్ని బలపరిచే వ్యాయామాలు, క్రమం తప్పని నడక, బరువు తగ్గడం నొప్పిని తగ్గిస్తాయి. వీటిని యంత్రం చేసి పెట్టలేదు. ఎవరో ఒకరు కూర్చొని నేర్పాలి. రోగి ఇంట్లో చెయ్యాలి.

అందుకే యువ ఫిజియోలకు నేను చెప్పేది: రోగి కరెంటు అడిగితే కసురుకోవద్దు. ‘‘దీంతో నొప్పి కాసేపు తగ్గొచ్చు పెద్దమ్మా. మళ్లీ రాకుండా ఉండాలంటే ఈ రెండు వ్యాయామాలు చెయ్యాలి. రేపొచ్చి నాకు చేసి చూపించాలి’’ అనండి. ఒకేసారి పది వ్యాయామాల కాగితం చేతికిస్తే ఎవరూ చెయ్యరు. రెండు నేర్పితే చేస్తారు. కల్లాపి చల్లేటప్పుడు ఎలా వంగాలి, బిందె ఎలా ఎత్తాలి, నేల మీంచి ఎలా లేవాలి అన్నవి వాళ్ల ఇంటి పనుల్లోంచే చెబితే ఇంకా బాగా గుర్తుంటాయి.

పది నిమిషాల్లో ఏం చేయగలరు?

‘‘సర్, మీరు చెప్పేది బాగానే ఉంది. బయట ముప్పై మంది ఉన్నారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు కూడా రాదు’’ అంటారు కొత్తవాళ్లు. నిజమే. ప్రభుత్వ ఆసుపత్రిలో నా పరిస్థితీ అదే. ఆ పది నిమిషాల్లోనే చేయగలిగినవి ఉన్నాయి.

మొదట మూడు ప్రశ్నలు. నొప్పి ఏం చేస్తే వస్తోంది? ఏం చేస్తే తగ్గుతోంది? దీనివల్ల మీరు చేయలేకపోతున్న పని ఏంటి? మేస్త్రీ గారి గుండె జబ్బు బయటపడింది మొదటి రెండు ప్రశ్నలతోనే. మూడోది చికిత్సకు గురి చూపిస్తుంది. ‘భుజం 120 డిగ్రీలు లేవాలి’ అన్నది మన లెక్క. ‘జడ వేసుకోగలగాలి’ అన్నది ఆమె లెక్క.

తర్వాత ఒక కొలత. కీలు ఎంత వంగుతోంది, అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నారు, సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత... ఏదో ఒకటి. దాన్ని తేదీ వేసి రాయాలి. వారం తర్వాత అదే కొలత మళ్లీ తీయాలి. మెరుగుదల లేకపోతే అదే చికిత్స మరో పది రోజులు పొడిగించడం కాదు, ఎక్కడ తప్పు జరిగిందో వెతకాలి. రాసుకునే అలవాటు రోగికే కాదు, రేపు ఏదైనా ప్రశ్న వస్తే ఫిజియోకూ రక్ష.

ఇక వ్యాయామానికి ముందు నాడి, బీపీ. ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే తిని వచ్చారా అని అడగడం తప్పనిసరి. ఖాళీ కడుపుతో వ్యాయామం చేయిస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగొచ్చు. ఫిజియో గది సొరుగులో గ్లూకోజు పొట్లం ఒకటి ఎప్పుడూ ఉండాలి.

చేతులు వేసే ముందు... ఈ ఎర్రజెండాలు చూడండి

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఫిజియోథెరపీ ఆపి, రోగిని వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. రోగులూ, ఇంట్లోవాళ్లూ కూడా ఇవి గుర్తుపెట్టుకోవాలి.

* నడుంనొప్పితో పాటు మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లలో బలం తగ్గడం: వెన్ను చివర నరాల కట్ట నొక్కుకుపోతోందని అనుమానించాలి. ఇది అత్యవసరం. గంటలు కూడా విలువైనవే.

* పడుకున్నా తగ్గని, రాత్రిళ్లు పెరిగే వెన్నునొప్పి, సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం: మన దేశంలో వెన్నుపూసల క్షయ మర్చిపోకూడదు. గతంలో క్యాన్సర్ ఉన్నవాళ్లయితే అది ఎముకకు పాకిందేమో చూడాలి.

* ఆపరేషన్ తర్వాతో, చాలా రోజులు మంచం మీద ఉన్నాకో ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం: లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అక్కడ మర్దన చేయొద్దు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

* నడిస్తేనో మెట్లెక్కితేనో వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ, దవడ, భుజం, చెయ్యి నొప్పి: గుండెదేమో చూడాలి. విశ్రాంతిలో ఉన్నా తగ్గకపోతే 108కు ఫోన్ చేయాల్సిందే.

* మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు హాట్ ప్యాక్, వేడి మైనం: ముందు రెండు గాజు గొట్టాల్లో వేడినీళ్లు, చన్నీళ్లు పోసి తాకించి, తేడా తెలుస్తోందో లేదో చూడాలి. తెలియకపోతే వేడి చికిత్స వద్దు. కాలినా వాళ్లకు తెలియదు. ఆ పుండు చివరికి వేలు తీసేయడం దాకా తీసుకెళ్లొచ్చు.

* గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు: ఆ విషయం ముందే చెప్పాలి. షార్ట్‌వేవ్ డయాథర్మీ వాడకూడదు. విద్యుత్ చికిత్స ఏదైనా డాక్టర్‌ను అడక్కుండా పెట్టొద్దు.

‘ఎప్పుడు నడుస్తాడమ్మా?’

కొత్త ఫిజియోలకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇది. పక్షవాతం వచ్చిన మనిషి మంచం పక్కన భార్య నిలబడి అడుగుతుంది. ఇరవై మూడేళ్ల అమ్మాయి ఏం చెప్పాలి? ‘నెలలో నడిపిస్తాను’ అని మాటిస్తే అది నిలవకపోవచ్చు. ‘నాకు తెలియదు’ అని వెళ్లిపోతే ఆ ఇంట్లో ఆశ పోతుంది.

చెప్పదగినది నిజమే. పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుందే గానీ అక్కడితో ఆగిపోదు. ‘‘ఈ వారం సాయం లేకుండా మంచం అంచున కూర్చోవడం మన పని. అది వచ్చాక నిలబడటం చూద్దాం’’ అని వారానికో మెట్టు చూపించడం మంచిది.

త్వరగా లేపాలన్న ఆతృత కూడా హద్దు దాటకూడదు. 2 వేల మందికి పైగా రోగులతో జరిపి, 2015లో ప్రచురించిన అవర్ట్ అధ్యయనంలో, పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువ మోతాదులో కదిలించిన వారికి మూడు నెలల తర్వాత ఫలితం కాస్త తక్కువగానే కనిపించింది. మొదట్లో కొద్దికొద్దిసేపు, ఎక్కువసార్లు కదిలించడం మేలు.

ఇంట్లోవాళ్లకు మొదటి రోజే చెప్పాల్సిన మాట ఒకటుంది. పడిపోయిన చెయ్యి పట్టుకొని లాగి, చంక కింద చేతులు వేసి లేపొద్దు. కండరాల పట్టు లేని ఆ భుజం కీలు జారిపోతుంది. ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. పడుకున్నా కూర్చున్నా ఆ చేతి కింద దిండు ఉండాలి. ఫిజియో రోజుకు ముప్పావు గంట ఉంటారు. మిగతా ఇరవై మూడు గంటలూ ఇంట్లోవాళ్లే ఫిజియోలు. వాళ్లకు నేర్పడమూ చికిత్సలో భాగమే.

వాళ్ల నడుమూ నడుమే

ఈ వృత్తిలో ఓ విచిత్రం ఉంది. ఊరందరి నడుంనొప్పులు చూసేవాళ్లకే నడుంనొప్పి వస్తుంది. ఎనభై కిలోల మనిషిని ఒక్కరే లేపడం, ఎత్తు తక్కువ మంచాల మీద వంగి పనిచేయడం, బొటనవేళ్లతో గంటల కొద్దీ ఒత్తడం వల్ల నడుం, మెడ, బొటనవేలి కీళ్లు దెబ్బతింటాయి. ఉద్యోగంలో చేరిన మొదటి కొన్నేళ్లలోనే ఇది ఎక్కువగా మొదలవుతుంది. మంచం ఎత్తు సరిచేసుకోవడం, రోగిని లేపేటప్పుడు రెండో మనిషిని పిలవడం, వేలి బదులు మోచేతినో పరికరాన్నో వాడటం అలవాటు చేసుకోవాలి. సాయం పిలవడం చేతకానితనం కాదు.

జీతం మరో బాధ. తక్కువ జీతంతో ఒప్పంద ఉద్యోగం, అది చాలక ఉదయం, సాయంత్రం బండి మీద తిరుగుతూ ఇళ్లకు వెళ్లి చికిత్స. నేర్చుకోవడానికి టైం ఎక్కడిది? చాలామంది లైసెన్సు పరీక్షలకు చదువుకొని విదేశాలకు వెళ్లిపోవాలనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఇళ్లకు వెళ్లే అమ్మాయిలకు భద్రత కూడా సమస్యే. మొదటిసారి వెళ్లే ఇంటి చిరునామా మరొకరికి చెప్పి వెళ్లాలి. చికిత్స జరిగేటప్పుడు ఇంట్లో మనిషి ఒకరు గదిలో ఉండాలని ముందే చెప్పాలి. అది రోగికీ మంచిదే. ఎక్కడ చెయ్యి వేస్తున్నారో, ఎందుకో చెప్పి, ‘సరేనా?’ అని అడిగాకే తాకాలి. ఆడవాళ్లకు చికిత్స చేసేటప్పుడు అవసరమైన మేర తప్ప బట్ట తొలగించకూడదు.

పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకోవచ్చా అన్న వాదన కూడా ఈ మధ్య పెద్దదైంది. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వద్దని లేఖ రాసి, వెంటనే వెనక్కి తీసుకుంది. ఆ సంగతి చట్టం తేలుస్తుంది. మా వైద్యులకు నేను చెప్పేది ఒక్కటే. పేరు ముందు ఏముందన్నది పక్కనపెట్టి, వాళ్లు చెప్పేది వినే అలవాటు చేసుకుందాం.

మా వైపు మారాల్సింది

ఆ సోమవారం తర్వాత నేను చీటీ రాసే తీరు మార్చుకున్నాను. జబ్బు ఏమనుకుంటున్నానో, గుండె, బీపీ, మధుమేహం ఎలా ఉన్నాయో, ఏ కదలిక చేయించకూడదో, మళ్లీ ఎప్పుడు నాకు చూపించాలో నాలుగు ముక్కల్లో రాస్తాను. ఏ యంత్రం ఎన్ని నిమిషాలన్నది రాయను. అది వాళ్ల విద్య. కింద నా ఫోన్ నంబరు ఉంటుంది. రాయడానికి నిమిషం కన్నా ఎక్కువ పట్టదు.

యువ ఫిజియోలకు కూడా ఓ మాట. ‘డాక్టర్ గారు తప్పు’ అని రోగి ముందు అనొద్దు. మనసులోనూ దాచుకోవద్దు. ఏం చూశారో, ఏం కొలిచారో, ఏం అనుమానిస్తున్నారో వరుసగా చెప్పండి. ఆ అమ్మాయి నాకు అలాగే చెప్పింది. ‘గుండె జబ్బు’ అన్న మాటే ఎత్తలేదు. భుజం పూర్తిగా తిరుగుతోంది, మెట్లెక్కితే నొప్పి, కూర్చుంటే తగ్గింది. ఇక కాదనడానికి నాకేం మిగిలింది?

ఫిజియో దగ్గరికి వెళ్తున్నారా?

* పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. పేస్‌మేకర్, ఎముకల్లో రాడ్లు, గర్భం, మధుమేహం ఉంటే ముందే చెప్పండి.

* మొదటి రోజు పరీక్షించకుండా నేరుగా యంత్రం పెడితే ‘నా సమస్య ఏంటి?’ అని అడగండి.

* ఇంట్లో చేయాల్సిన వ్యాయామాలు చేసి చూపించమనండి. మీరు చేస్తుంటే ఫోన్లో వీడియో తీయించుకోండి.

* వ్యాయామం తర్వాత కాస్త నొప్పి సహజం. అది మర్నాటికీ తగ్గకపోయినా, రోజురోజుకూ పెరుగుతున్నా చెప్పండి.

* ‘ఎన్ని రోజులు?’ అన్న దానితో పాటు ‘వారంలో ఏం మారాలి?’ అనీ అడగండి.

* బీపీటీ చదివి, నమోదైన వాళ్లేనా అని తెలుసుకోవడంలో మొహమాటం వద్దు.

ఆ అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తోంది. ఏటా మా ఆసుపత్రికి కొత్తగా వచ్చే ఇంటర్న్‌లకు, హౌస్‌సర్జన్‌లకు కూడా మేస్త్రీ గారి భుజం కథ నేనే చెబుతాను. తప్పు నాదని చెప్పే చెబుతాను. ఓపీలో వరుస ఇప్పటికీ చెట్టు దాకా వెళ్తూనే ఉంది. అయినా, తలుపు దగ్గర ఎవరైనా చీటీ పట్టుకొని ‘సర్, ఒక్క నిమిషం’ అంటే మాత్రం కలం పక్కన పెట్టేస్తాను.